చలికోటు మీద వేషం: హాలోవీన్‌కి బీరువాలో ఉన్నవి చాలు

హాలోవీన్ వేషం కుట్టాలంటే ముందు కొలవాల్సింది పిల్లని కాదు, ఆ పిల్ల వేసుకునే చలికోటుని. మిషిగన్‌లో మా అమ్మాయి వాళ్ళ ఊళ్ళో అక్టోబరు 31 సాయంత్రం ఎలా ఉంటుందో ముందుగా చెప్పలేం. ఓ ఏడు వాన, ఓ ఏడు మంచు రవ్వలు, ఏదీ లేకపోతే చెవులు గడ్డకట్టే గాలి. షాపులో ముప్పై డాలర్లు పోసి కొన్న రాకుమారి గౌను చూడండి, దోమతెరంత మందం కూడా ఉండదు. గుమ్మం దాటగానే తల్లి దాని మీద చలికోటు తొడిగి మెడదాకా జిప్పు లాగేస్తుంది. ఇంక రాకుమారి ఎక్కడ? ఎర్రకోటు వేసుకున్న పిల్ల ఒకతి వీధిలో నడుస్తోంది, అంతే. ఇంట్లో చేసిన వేషం ఇక్కడే గెలుస్తుంది. దాన్ని కోటు మీదికి సరిపోయేలా మనమే కత్తిరించుకోవచ్చు.

నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. స్కూలు వార్షికోత్సవం వస్తే వేషాల పని నా నెత్తిన పడేది. గాంధీ గారికి తీగతో కళ్ళజోడు, రాజుకి అట్ట కిరీటం, దాని మీద బంగారు రంగు కాగితం, అల్లూరి సీతారామరాజుకి నల్ల ఊలుతో గడ్డం. స్కూలు ఖాతాలో వేషాలకని పైసా ఉండేది కాదు కాబట్టి ఎవరింట్లో ఏముందో అడిగి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు ఇక్కడికొస్తే మనవరాలికి ఎనిమిదేళ్ళు, మనవడికి ఐదు. అమ్మాయీ అల్లుడూ ఆఫీసు నుంచి వచ్చేసరికి పొద్దుపోతుంది. అందుకని ఆ డిపార్ట్‌మెంటు మళ్ళీ నాదే అయింది.

పిల్లల దగ్గరికి కొత్తగా వచ్చిన అమ్మమ్మలకీ నానమ్మలకీ ఈ పండగ గురించి రెండు ముక్కలు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్యలో పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి "ట్రిక్ ఆర్ ట్రీట్" అంటారు, ఆ ఇంటివాళ్ళు చాక్లెట్లు ఇస్తారు. వరండా లైటు వెలుగుతున్న ఇంటికే వెళ్ళాలి, లైటు ఆర్పేసిన ఇంటి తలుపు తట్టకూడదు. ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పేది నవంబరు మొదటి ఆదివారం కాబట్టి 31న మిషిగన్‌లో ఆరున్నర దాకా కాస్త వెలుతురుంటుంది, ఆ తర్వాత చీకటే. చాలా స్కూళ్ళలో పగటి పూట వేషాల ఊరేగింపు వేరే ఉంటుంది. కొన్ని స్కూళ్ళు అసలు జరపవు. స్కూలు నుంచి వచ్చిన కాగితం చదవకుండా కత్తెర పట్టుకోవద్దు. మామూలుగా మొహం మొత్తం మూసే ముసుగులు, కత్తీ తుపాకీ లాంటివి, రక్తం మరకలు వద్దని అందులో రాస్తారు. అంటే చేతిలో గద లేకుండా భీముడిని నిలబెట్టాలి. ఆ సంగతి ముందే తెలిస్తే వేరే వేషం చూసుకోవచ్చు.

ఇక అసలు పనికి వద్దాం. "ఏం వేషం కావాలి?" అని పిల్లల్ని అడిగి ఆ తర్వాత బీరువా తెరిస్తే ఆ రాత్రి షాపుకి వెళ్ళడం ఖాయం. ముందు బీరువా తెరవండి. పాత దుప్పట్లు, కాలు పొట్టయిపోయిన జీన్సులు, రంగు వెలసిన చున్నీలు, తాంబూలాల్లో వచ్చి ఎవరూ కుట్టించుకోని జాకెట్టు ముక్కలు, మిగిలిపోయిన చీర ఫాల్స్, విరిగిన గొడుగు, ఖాళీ బాస్మతి సంచి, సీరియల్ డబ్బాల అట్టలు, గ్యారేజీలో పేరుకుపోయిన అమెజాన్ పెట్టెలు. అన్నీ హాల్లో నేల మీద పరిచి అప్పుడు పిల్లల్ని పిలవండి. వాళ్ళకి మనకంటే ముందే తోచేస్తుంది. మా మనవడు గొడుగు పట్టుకుని సోఫా మీంచి దూకాడు, గబ్బిలం అక్కడే ఖాయమైపోయింది.

ఎంచుకునేటప్పుడు ఒకటి చూడాలి. చిన్నప్పుడు మా ఊరికి సురభి వాళ్ళ నాటకాలు వస్తే మేం ఎక్కడో వెనక కూర్చునేవాళ్ళం. అంత దూరం నుంచి నగలూ అంచులూ ఏం కనపడతాయి? నెమలి పింఛం, చేతిలో వేణువు కనపడితే కృష్ణుడు, అంతే. ఇక్కడ పక్కింటావిడ తలుపు తీసినప్పుడూ అదే లెక్క. చీకట్లో వరండా లైటు వెలుగులో నిలబడ్డ పిల్లని ఆవిడ నాలుగు క్షణాలు చూస్తుంది. తల మీద ఒకటి, ఒంటి ఆకారంలో ఒకటి, మొహం మీద ఒకటి, ఈ మూడూ స్పష్టంగా ఉంటే చాలు. మిగతా కుట్టుపని ఎంత సున్నితంగా చేసినా అది మీ తృప్తికే. నేనెవరో చెప్పుకోండి చూద్దాం అని పిల్ల ప్రతి గుమ్మంలోనూ వివరించాల్సి వస్తే ఆ వేషం ఫెయిలయినట్టే. ఈ మాట మా అల్లుడికి నచ్చదు. ఆయన ఆఫీసు పార్టీకి పిట్టలదొర వేషం వేశాడు. ఖాకీ ప్యాంటు, బొత్తాలు కుదరని పాత కోటు, మెడలో రెండు టైలు, ఛాతీ మీద సోడా మూతల పతకాలు, చేతిలో తుపాకీకి బదులు అప్పడాల కర్ర. అక్కడ తెలుగువాళ్ళు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. ఆయనకేం పట్టలేదు, పిట్టలదొర కోతలు ఇంగ్లీషులో కోసి వచ్చాడు. పెద్దవాళ్ళకి అది చెల్లుతుంది.

ఇప్పుడు మనవరాలి వేషం, పొలంలో దిష్టిబొమ్మ. నా లెక్కలో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇంతకంటే మంచిది లేదు. ఎందుకంటే అది వంకరగా ఉంటేనే అందం. కుట్టు పక్కకిపోయినా, అతుకు చిరిగినా వేషంలో భాగమే. పైగా చలికోటు లోపల ఉంటే బొమ్మ నిండా గడ్డి కుక్కినట్టు ఇంకా బాగుంటుంది.

దీనికి కావాల్సింది జనపనార సంచి. ఇండియన్ షాపుల్లో బాస్మతి ఇలాంటి సంచుల్లో వస్తుంది, ఒక వైపు జిప్పు ఉంటుంది, పట్టుకోడానికి చెవులుంటాయి. పిల్ల చిన్నదైతే పది పౌన్లది, ఏడెనిమిదేళ్ళదైతే ఇరవై పౌన్లది. సోనా మసూరి వచ్చే ప్లాస్టిక్ అల్లిక సంచి వద్దు. కత్తెర పెట్టగానే పోగులు ఊడొస్తాయి, నడిస్తే చప్పుడు చేస్తుంది. జనపనార సంచిని తిరగేసి బయట బాగా దులపండి, తడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టండి. వాషింగ్ మెషీన్లో వేయకండి, నార అంతా మిగతా బట్టలకి అంటుకుంటుంది.

సంచిని తలకిందులు చేయండి. జిప్పున్న వైపు కిందికి రావాలి, కుట్టేసి ఉన్న అడుగు భాగం భుజాల మీదికి రావాలి. బ్రాండు బొమ్మ లోపలికి పోయేలా తిప్పండి. జిప్పు, చెవులు కత్తిరించేయండి, చెవులు పారేయకండి. సంచిని నిలువునా సగానికి మడిచి మధ్య గుర్తు పెట్టుకుని, దానికి అటూ ఇటూ నాలుగేసి అంగుళాలు వచ్చేలా మెడ కత్తిరించాలి. ముందు వైపు మూడంగుళాల లోతు, వెనక అంగుళం. అప్పటికీ తల దూరకపోతే మెడని ఇంకా పెద్దది చేయకండి, భుజాల మీంచి జారిపోతుంది. వెనక వైపు మధ్యలో జానెడు చీలిక ఇచ్చి, పైన ఒక తాడు ముడి పెట్టండి.

పక్కలు అసలు కుట్టొద్దు. రెండు పక్కలా సంచి కుట్లు పూర్తిగా విప్పేయండి. ముందొక పలక, వెనకొక పలక భుజాల దగ్గర మాత్రమే కలిసి ఉంటాయి. ఒక్కో పక్కన చంక కింద ఒకటి, నడుము దగ్గర ఒకటి తాళ్ళు కుట్టి ముడేయండి. లోపల కోటు ఎంత లావుగా ఉన్నా తాళ్ళు వదులు చేసుకుంటే సరిపోతుంది. స్కూలు ఊరేగింపుకి లోపల కోటు లేకపోతే బిగించి కట్టొచ్చు. ఇందాక తీసిన చెవులు ఈ తాళ్ళకి పనికొస్తాయి.

జనపనార మెడకి గీరుకుంటుంది. ఇక్కడే చీర ఫాల్ బయటికి తీయండి. మెడ అంచుకి లోపలా బయటా వచ్చేలా ఫాల్ మడిచి చుట్టూ చేత్తో కుట్టండి. మిషను లేకపోయినా ఇబ్బంది లేదు, ఆ కుట్టు కనపడాలి కూడా. మిగిలిన అంచులకి ఏమీ చేయకండి, పోగులు వేలాడితేనే బాగుంటుంది. జాకెట్టు ముక్కల్లో ఎరుపు, పచ్చ, గళ్ళది ఏరి చదరపు అతుకులు కత్తిరించి, నల్ల ఊలుతో పెద్ద పెద్ద కుట్లు వేసి సంచి మీదా, పాత జీన్సు మోకాళ్ళ మీదా అతకండి. ప్రతి తెలుగింట్లో పోగుబడే ఆ జాకెట్టు ముక్కలకి ఇంతకంటే మంచి గతి నాకు కనపడలేదు.

గడ్డికి నిజం గడ్డి వద్దు, దురద పెడుతుంది, ఇల్లంతా రాలుతుంది. కిరాణా షాపు గోధుమ రంగు కాగితం సంచిని రెండంగుళాల పట్టీగా కోసి, ఒక అంచు వదిలి మిగతాదంతా సన్నగా చీల్చండి. దాన్ని మెడ దగ్గరా, టోపీ కిందా పిన్నీసులతో గుచ్చితే చాలు. చేతుల చివరా, కాళ్ళ దగ్గరా మాత్రం కాగితం పెట్టొద్దు. ఈ పండక్కి మెట్ల మీద గుమ్మడికాయలు చెక్కి లోపల దీపం పెడతారు, వాటిలో ఇప్పుడు చాలామంది బ్యాటరీ దీపాలే పెడుతున్నా, నిజం కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు ఇంకా ఉన్నారు, కాగితం అంటుకుంటుంది. కింద భాగానికి పసుపు రంగు ఊలు ముక్కలు కట్టండి, అవీ పొట్టిగానే.

భుజం మీద కాకి ఉంటే ఈ వేషం నిండుతుంది. నల్ల సాక్సు ఒకటి, లోపల పాత గుడ్డలు, అట్ట ముక్కు, రెండు తెల్ల బొత్తాలు. కాకిని తోలాల్సిన బొమ్మ మీదే కాకి వాలిందని మా మనవరాలు ప్రతి ఇంట్లోనూ చెప్పుకుని మురిసిపోయింది. మన దగ్గర కడుతున్న ఇంటికి దిష్టిబొమ్మ వేలాడదీస్తాం, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం. ఇక్కడ వీధి వీధంతా గుమ్మడికాయలకి కళ్ళూ పళ్ళూ చెక్కి మెట్ల మీద కూర్చోబెట్టారు. వాటి మధ్య మా దిష్టిబొమ్మ నిలబడితే నాకేమీ పరాయి పండగలా అనిపించలేదు.

గబ్బిలానికి నల్ల గొడుగు. పుల్లలన్నీ విప్పేసి గుడ్డ ఒక్కటీ తీసుకోండి, చిన్న పుల్ల ముక్క కూడా ఉండకూడదు, కంట్లో గుచ్చుకుంటుంది. మామూలు గొడుగుకి ఎనిమిది పలకలుంటాయి, నడిమికి చేరే ఒక్కో మూల సుమారు 45 డిగ్రీలు. చెయ్యి పక్కకి చాపితే చేతికీ నడుముకీ మధ్య 90 డిగ్రీలు, అంటే రెండు పలకలు. కానీ రెండే పెడితే చెయ్యి పైకెత్తినప్పుడు గుడ్డ లాగుతుంది, చంక దగ్గర చిరుగుతుంది. అందుకని రెక్కకి మూడు పలకలు తీసుకోండి. రెండు రెక్కలకి ఆరు పోగా మిగిలిన రెండూ చెవులకి. మూడు పలకల ముక్కకి మొన వైపు సరిగ్గా చంక దగ్గర పెట్టి, ఒక నిలువు అంచుని హుడీ (తలకి టోపీ కలిసున్న స్వెట్టరు) చేతి కింది కుట్టు వెంబడి, రెండో అంచుని పక్క కుట్టు వెంబడి కుట్టేయండి. గొడుగు చివర్లు సహజంగానే వంపులు తిరిగి ఉంటాయి కాబట్టి గబ్బిలం రెక్క అంచు దానంతటదే వచ్చేస్తుంది. హుడీ ఒక సైజు పెద్దది తీసుకుంటే లోపల కోటు పడుతుంది. మా వాడికి వాళ్ళక్క నిరుటి హుడీ సరిపోయింది. గుడ్డ వానకి తడవదు, అది ఇంకో లాభం. పండగ అయ్యాక కుట్లు విప్పితే హుడీ హుడీలా మిగులుతుంది. అందుకే జిగురు పెట్టకండి, దారమే వాడండి.

మంత్రగత్తె కావాలంటే నల్ల చున్నీ, నల్ల లంగా ఎవరింట్లోనైనా ఉంటాయి. కష్టమంతా టోపీ దగ్గర. కోసు టోపీ అట్టని కంటి లెక్కన చుడితే తలకి చాలదు, లేదంటే కళ్ళ మీదికి జారుతుంది. ఇక్కడ లెక్కల టీచరు మాట వినండి. చలికి లోపల ఉన్ని టోపీ పెట్టి, దాని మీద టేపుతో తల చుట్టుకొలత తీసుకోండి. 52 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అతుక్కోడానికి 2 కలపండి, 54. దాన్ని 7తో గుణించి 11తో భాగిస్తే 34 చిల్లర వస్తుంది. ఆ వ్యాసార్ధంతో పావు వృత్తం గీస్తే సరిపోతుంది, ఎందుకంటే పావు వృత్తం వంపు పొడవు వ్యాసార్ధానికి 22/7లో సగం, అంటే 11/7 రెట్లు. అట్ట మూల దగ్గర దారాన్ని బొటనవేలితో నొక్కిపెట్టి, రెండో చివర పెన్సిలు కట్టి అట్ట ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిప్పండి. కోసి, రెండు నిలువు అంచులూ 2 సెంటీమీటర్లు ఒకదాని మీదొకటి వచ్చేలా చుడితే టోపీ తలకి అతికినట్టు కూర్చుంటుంది. పిల్లలు బళ్ళో 22/7 ఎందుకమ్మమ్మా అని అడిగితే చూపించడానికి ఒక వస్తువు దొరికింది.

అమెజాన్ పెట్టె అట్ట గుండ్రంగా వంగదు, మడతలు పడుతుంది. సీరియల్ డబ్బా అట్ట పల్చగా ఉంటుంది, రెండు డబ్బాలు విప్పి టేపుతో కలిపితే పావు వృత్తానికి సరిపోతుంది. స్టేప్లర్ కొట్టాక లోపలి వైపు పిన్నుల మీద టేపు తప్పకుండా వేయండి. టోపీ అంచుకి ఇంట్లో ఉన్న అతి పెద్ద పళ్ళెం బోర్లించి గీసుకోండి. లోపలి వృత్తాన్ని టోపీ అడుగు కంటే కొంచెం చిన్నదిగా గీసి కోసి, అంగుళానికో గాటు పెట్టి ఆ పళ్ళని పైకి మడిచి టోపీ లోపల అతికించండి. పైన నల్ల గుడ్డ చుట్టండి, ఏ గుడ్డయినా పర్వాలేదు. ఇదే టోపీకి కొన వంచి, గుడ్డకి బదులు పాత గళ్ళ లుంగీ చుడితే దిష్టిబొమ్మ టోపీ అవుతుంది. మేం చేసింది అదే.

తెల్ల దుప్పటి కప్పి రెండు కళ్ళకి చిల్లులు పెట్టే దెయ్యం అందరికీ తెలిసిందే, నాకు మాత్రం ఇష్టం లేదు. రెండడుగులు వేయగానే దుప్పటి జారి చిల్లులు చెవుల దగ్గరికి పోతాయి, పిల్లకి మెట్టు కనపడదు. చేసి తీరాలంటే లోపల ఒక తెల్ల టోపీ పెట్టి దానికి దుప్పటిని నాలుగు చోట్ల కుట్టేయండి, మొహం మొత్తం బయటికి వచ్చేలా గుండ్రంగా కోయండి, మొహానికి తెల్ల రంగు వేయండి. దుప్పటి చీలమండ పైనే ఆగాలి. మన దెయ్యానికి పాదాలు వెనక్కి ఉంటాయి కాబట్టి పాత బూట్ల మడమల మీద తెల్ల రంగుతో అయిదేసి వేళ్ళు గీయండి. వెనకాల నడిచే పిల్లలకి భలే సరదా.

అట్టపెట్టె రోబో గురించి పెద్దగా చెప్పను. చేయడం తేలిక, ఫాయిల్ చుడితే మెరుస్తుంది, కానీ పెట్టెలో పిల్ల కూర్చోలేదు, తన పాదాలు తనకి కనపడవు. పెట్టె కాకుండా ముందొక అట్ట, వెనకొక అట్ట తాళ్ళతో వేలాడదీస్తే కాస్త నయం.

"పట్టులంగా వేసి ఇండియన్ ప్రిన్సెస్ అనేస్తే పోలా?" అని ఇక్కడ చాలామంది తల్లులు అంటారు. పని తప్పే మాట నిజమే. నేను మాత్రం ఒప్పుకోను. పట్టులంగా మనం పండక్కి కట్టే బట్ట, వేషం కాదు. పదిహేను రోజులు అటో ఇటో దీపావళికి అదే కట్టుకుని దేవుడి ముందు నిలబడాలి, స్కూల్లో పిల్లలు "నీ హాలోవీన్ డ్రెస్సు మళ్ళీ వేశావా" అని అడిగితే పిల్ల ఏం చెప్పుకుంటుంది? పైగా వానలో జరీ నల్లబడుతుంది. అదే లెక్కన ఇంకొక జాతి వాళ్ళ పండగ బట్టలూ, తల మీద పెట్టుకునే ఈకలూ మనకి వేషం కాకూడదు. జంతువు, పక్షి, కూరగాయ, బొమ్మ, దెయ్యం, ఇన్ని ఉండగా మనుషుల జోలికి పోవడం దేనికి?

మొహానికి రంగు అనగానే మన చేయి కాటుక భరిణె మీదికి పోతుంది. పిల్లుల మీసాలకి అదే కదా తేలిక. వద్దు. కాజల్, సుర్మా పేర్లతో అమ్మేవాటిలో సీసం ఉంటోందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది, సిందూరం గురించీ అలాగే చెప్పింది. చిన్నపిల్లలు మొహం తుడుచుకుని అదే చేత్తో చాక్లెట్ తింటారు. అమ్మ దగ్గరున్న ఐబ్రో పెన్సిలు, లిప్‌స్టిక్ చాలు. దిష్టిబొమ్మకి ముక్కు మీద లిప్‌స్టిక్‌తో త్రికోణం, రెండు బుగ్గల మీద గుండ్రాలు, పెదవుల చివర్ల నుంచి చెవుల వైపు గీత, ఆ గీత మీద అడ్డంగా కుట్లలాగా చిన్న గీతలు. గబ్బిలానికి ముక్కు కొన నల్లగా చేస్తే సరిపోయింది. ముందు రోజు మోచేతి మడతలో కాస్త రాసి చూడండి, ఎర్రబడితే మానేయండి. పసుపు మాత్రం ముట్టుకోకండి, మర్నాడు బడికి ఆ మొహంతోనే పంపాలి. రంగు తీయడానికి కొబ్బరినూనె రాసి రెండు నిమిషాలుంచి మెత్తటి గుడ్డతో తుడిస్తే సబ్బు అక్కర్లేకుండా పోతుంది. పెద్ద పిల్లలు రంగు కాంటాక్ట్ లెన్సులు అడిగితే ససేమిరా అనండి. డాక్టరు చీటీ లేకుండా అవి అమ్మడం ఇక్కడ చట్టానికే విరుద్ధం.

గుడ్డల విషయంలో నిప్పు గురించి ఇంకో మాట. పల్చటి నూలు చటుక్కున అంటుకుంటుంది, ఉన్ని అంత తొందరగా అంటుకోదు. ఏ గుడ్డయినా వేలాడే చేతులు, నేల మీద ఈడ్చే అంచులు ఉండకూడదు. చున్నీని మెడకి చుట్టి వదిలేయకుండా రెండు భుజాల దగ్గర పిన్నీసులతో గుచ్చండి, ఎవరైనా తొక్కినా మెడ బిగుసుకోదు. నల్ల వేషం చీకట్లో కారు నడిపేవాడికి కనపడదు కాబట్టి గబ్బిలం వీపు మీద మెరిసే టేపుతో చంద్రవంక అంటించాం. మా అల్లుడు సైకిలు సామాన్లలోంచి ఆ టేపు ఇచ్చాడు. చేతికి చిన్న టార్చి.

రెండు రోజుల ముందు రిహార్సల్ పెట్టండి. కోటు, థర్మల్స్, బూట్లు, వేషం, మొత్తం తొడిగి పిల్లని మెట్లెక్కించండి, కారు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టండి, కిందపడ్డ వస్తువు తీయమనండి. అన్నిటికంటే ముఖ్యం, సొంతంగా బాత్రూంకి వెళ్ళి రమ్మనండి. అయిదేళ్ళ పిల్లాడికి స్కూల్లో ఎవరు సాయం వస్తారు? మా గబ్బిలం రెక్కల్ని పైకి మడిచి పట్టుకోడానికి వీపు వెనక ఒక హుక్కు కుట్టాల్సొచ్చింది. ఇలాంటివి కట్టి చూస్తేనే బయటపడతాయి.

ఇక చాక్లెట్ల సంచి. ప్లాస్టిక్ గుమ్మడికాయ బకెట్లు షాపులో అమ్ముతారు, ఇక్కడివాళ్ళు దిండు గలీబు కూడా పట్టుకెళ్తారు. మనకి వాటితో పనేముంది? పెళ్ళిళ్ళలో ఇచ్చిన తాంబూలం సంచులు ఏ తెలుగింట్లోనైనా అరడజనుంటాయి. గుడ్డది, చెవులు పొడుగ్గా ఉన్నది ఏరి, చెవుల మొదట్లో ఇంకోసారి గట్టిగా కుట్టండి, ఎనిమిది గంటలయ్యేసరికి బరువెక్కుతుంది. పిల్లకి వేరుశనగ, బాదం లాంటివి పడకపోతే నీలాకుపచ్చ రంగు గుమ్మడికాయ పెట్టిన ఇళ్ళు చూసుకోండి, అక్కడ తిండి కాకుండా పెన్సిళ్ళూ స్టిక్కర్లూ ఇస్తారు. సంచి మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతుళ్ళ పేర్లు పెద్దక్షరాలతో ఉంటే తిరగేసి లోపలి వైపు బయటికి పెట్టండి. మా మనవరాలు ఒప్పుకోలేదు, గణపతి బొమ్మ బయటికే ఉండాలంది.